చార్మినార్ రూపాయి అసలా, నకిలీనా: అవుసలాయన మాట ఒక్కటే సరిపోదు

నాందేడ్ జిల్లా ధర్మాబాద్ నుంచి ఒక తమ్ముడు అడిగిన సంగతి ఇది. పాత నాణేలు పోగుచేయడం ఈమధ్యే మొదలుపెట్టాడు. వాట్సాప్ గ్రూపులో పరిచయమైన ఒకాయనకు మూడు అయిదో జార్జి వెండి రూపాయలు ఇచ్చి, బదులుగా అయిదు నిజాం చార్మినార్ రూపాయలు తీసుకున్నాడు. తీరా ఊళ్లో అవుసలాయనకు, అంటే కంసాలికి, చూపిస్తే రెండు ‘ఫుల్ డూప్లికేట్’ అన్నాడట. మిగతా మూడు కూడా ‘వెండి తక్కువ, ఇవీ డూప్లికేటే’ అన్నాడట. ఇప్పుడు వీటిని ఏం చేయాలి, ఇంకెవరికైనా మార్చేయొచ్చా, ఇకముందు ఎలా పట్టుకోవాలి అన్నది ప్రశ్న.

తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఆ మిగతా మూడు చార్మినార్లూ అసలువే అయ్యే అవకాశం బాగా ఉంది. అవుసలాయన అబద్ధం చెప్పాడని కాదు. ఆయన చూసింది వెండిని, మీరు అడగాల్సింది నాణెం గురించి. ఈ రెండూ వేరు వేరు పరీక్షలు.

బ్రిటిష్ వాళ్ల రూపాయి, అంటే మన పెద్దవాళ్లు కల్దార్ అనేది, 11.66 గ్రాముల బరువు. అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. నిజాం హాలీ సిక్కా రూపాయి, అంటే మీ చార్మినార్ రూపాయి, బరువు 11.18 గ్రాములు, వెండి 81.8 పాళ్లే. మిగతాది కలిపిన లోహం. టంకశాలలోనే అలా చేశారు. ఆ తేడా వల్లే 1950లో ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయలు అని లెక్క కట్టారు. కల్దార్‌కు అలవాటు పడిన అవుసలాయన చేతికి చార్మినార్ రూపాయి ఇస్తే, టంచ్, అంటే వెండి స్వచ్ఛత, తక్కువ వస్తుంది, ‘డూప్లికేట్’ అనేస్తాడు. ఇది మన వైపు తరచూ జరిగేదే. ఈ ఒక్క మాట నమ్మి నిఖార్సయిన నిజాం రూపాయల్ని కరిగించడానికి ఇచ్చేసిన వాళ్లు నాకు తెలుసు.

దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది. అరుదైన సంవత్సరం నాణేన్ని ఎవడైనా మంచి వెండితోనే కొట్టించి అమ్మితే, అవుసలాయన ‘అసలుదే, వెండి బాగుంది’ అంటాడు. వెండి అసలే, నాణెమే నకిలీ.

ఇంకో మాట. ఇకపై ఏ నాణేన్నీ గీటురాయి మీద గీయనివ్వకండి. అంచు అరిగిపోతుంది, ఆ నాణేన్ని తర్వాత నాణేలు పోగుచేసే ఏ కలెక్టరూ మంచి ధరకు తీసుకోడు. తప్పదనుకుంటే నాందేడ్ లాంటి పెద్ద ఊరి సరాఫాలో, అంటే వెండి బంగారం బజారులో, ఎక్స్‌రే మిషన్‌తో టంచ్ చెప్పేవాళ్లు దొరుకుతారు, గీయాల్సిన పని ఉండదు. అయితే అది పైపొరను మాత్రమే చదువుతుంది. మందంగా వెండి పూత పూసిన నాణెం దాన్ని కూడా బోల్తా కొట్టించగలదు.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష దీనికంటే మేలు. గ్రాములో వందో వంతు చూపించే చిన్న వేయింగ్ మిషన్ కొనుక్కోండి, ఆన్‌లైన్లో కొన్ని వందల్లో వస్తుంది. ఈ హాబీలో మొదటి ఖర్చు అదే అయి ఉండాలి. చాలామంది ఆల్బమ్ ముందు కొంటారు, మిషన్ ఎప్పుడో మోసపోయాక కొంటారు.

ముందు అయిదింటినీ ఒక్కొక్కటిగా తూచి రాసుకోండి. చలామణిలో అరిగిన నిజాం రూపాయి 11 గ్రాముల దగ్గరికి దిగినా ఆశ్చర్యం లేదు. కానీ గీతలన్నీ పదునుగా, నిన్ననే అచ్చు వేసినట్టు ఉండి బరువు మాత్రం 10.3 చూపిస్తే, అది అరుగుదల కాదు. ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువున్నా అనుమానించాల్సిందే. ఒక్క మినహాయింపు: కిన్వట్, మాహూర్ వైపు గోండు, బంజారా ఆడవాళ్ల రూపాయల హారాల నుంచి ఊడదీసిన నాణేలు మన సరాఫాలకు చాలా వస్తుంటాయి. వాటి అంచున కొక్కెం అతికించిన టంకం మిగిలిపోతే బరువు కాస్త పెరుగుతుంది. అంచు చుట్టూ వేలితో తడిమితే ఆ ముద్ద తెలుస్తుంది. అలాంటిది అసలు నాణెమే, విలువ మాత్రం తగ్గుతుంది.

తర్వాత నీళ్ల పరీక్ష. మిషన్ మీద చిన్న ప్లాస్టిక్ గ్లాసులో నీళ్లు పోసి పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, గ్లాసు అడుగుకు గానీ పక్కలకు గానీ తగలకుండా వేలాడదీయండి. అప్పుడు మిషన్ చూపించే అంకె, నాణెం పక్కకు తోసిన నీళ్ల బరువు. నాణెం అసలు బరువును ఆ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. నిజాం రూపాయికి ఆ అంకె దాదాపు 1.10 రావాలి, సాంద్రత 10.2 దగ్గర. కల్దార్‌కు 1.13, సాంద్రత 10.3 దగ్గర. వెండి లేని జర్మన్ సిల్వర్‌తోనో ఇత్తడితోనో చేసి పూత పూసినదైతే అంకె 1.28 దాటుతుంది. తేడా కళ్లకు కనిపించేంత ఉంటుంది, లెక్కలు రాకపోయినా పట్టుకోవచ్చు. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే అంకె తప్పు వస్తుంది. నీళ్లలో ఒక చుక్క షాంపూ వేయండి. అయ్యాక మెత్తని బట్టతో అద్దండి, రుద్దకండి.

ఇదే లెక్కతో కల్దార్ రూపాయల్ని చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. 1940 నుంచి బ్రిటిష్ వాళ్లు రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. బరువు మారలేదు. అందుకని ఆరో జార్జి 1940ల రూపాయి నీళ్లలో 1.22 చూపిస్తుంది. అది నకిలీ కాదు, యుద్ధకాలపు నాణెం. 1947 రూపాయి అయితే పూర్తిగా నికెల్, వెనక పులి బొమ్మ ఉంటుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. అది కూడా అసలే. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ అనే సూత్రం వెండి నాణేలకే పనికొస్తుంది.

నీళ్ల పరీక్షను మోసం చేసే లోహం ఒకటుంది: సీసం, తగరం కలిపిన మిశ్రమం. సీసం వెండి కంటే బరువు, తగరం తేలిక, పాళ్లు కుదిరితే సాంద్రత వెండికి దగ్గరగా వచ్చేస్తుంది. కానీ అది మెత్తన. అంచును తెల్ల కాగితం మీద మెల్లగా రాస్తే బూడిదరంగు గీత పడుతుంది. వేలికొన మీద నిలబెట్టి ఇంకో నాణెంతో తట్టితే వెండిలా మోగదు, మొద్దుగా పలుకుతుంది. పాతకాలంలో షావుకార్లు రాతి మీద టంగుమనిపించి చూసేవాళ్లు. మీరు అలా కింద పడేయకండి, అంచు నొక్కుకుపోతుంది.

లోహం సంగతి తేలాక, అసలు పని మొదలవుతుంది. ఇక్కడ మనకు ఒక అదృష్టం ఉంది. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ అన్నీ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోవే. నిజాం నాణెం మనకు ఇంటి నాణెం. ప్రాణహిత అవతల సిరొంచ వైపు అలా కాదు. ఆ పట్టీని 1860 ఒప్పందంతో నిజాం బ్రిటిష్ వాళ్లకు వదిలేశాడు. మన వైపు అరిగిన చిల్లర నిజాం నాణేలు, రాగి రెండు పైలు, చిన్న వెండి బేడలు, పాత ఇళ్లలో ఇప్పటికీ దొరుకుతాయి. వాటిని తక్కువ చూపు చూడకండి. నకిలీని పట్టుకునే కన్ను నకిలీలను చూస్తే రాదు, చవకైన అసలు నాణేలను వందసార్లు చూస్తే వస్తుంది. బాగా అరిగిపోయిన, ఎవరికీ అక్కర్లేని చార్మినార్ రూపాయి ఒకటి వెండి ధరకే కొని పెట్టుకోండి. అదే మీ కొలబద్ద.

ఆ రూపాయిలో ఏం చూడాలంటే, చార్మినార్ మధ్య కమాను దగ్గర ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణెమైతే మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ కాలందైతే ఐన్. పాలకుడి పేరులో మొదటి అక్షరం. మహబూబ్ అలీ ఖాన్ 1911 ఆగస్టులో చనిపోయాడు, అది హిజ్రీ 1329. కాబట్టి 1329 నాణెం మీద ఈ రెండు అక్షరాల్లో ఏదైనా ఉండొచ్చు. 1329 కాకుండా, ఉదాహరణకు 1337 అని ఉన్న నాణెం మీద మీమ్ ఉంటే, దాన్ని చేసినవాడికి ఉర్దూ రాదు, చరిత్రా రాదు. ఉస్మాన్ అలీ ఖాన్ తొలి నాణేల్లో ఐన్ కొంచెమే కనిపిస్తుంది, తర్వాతి వాటిలో నిండుగా ఉంటుంది. కలెక్టర్లు ఈ రెండింటినీ వేర్వేరుగా దాచుకుంటారు. అందువల్ల సగం ఐన్ చూసి ‘అచ్చు సరిగా పడలేదు, నకిలీ’ అని తేల్చేయకండి.

ఉర్దూ అంకెలు పదీ నేర్చుకోండి, ఒక్క సాయంత్రం పని. నాణెం మీద హిజ్రీ సంవత్సరం, వెనక వైపు పాలన సంవత్సరం విడిగా ఉంటాయి. ఉస్మాన్ అలీ ఖాన్ నాణేనికి హిజ్రీ సంవత్సరంలోంచి 1329 తీసేస్తే దాదాపు పాలన సంవత్సరం వస్తుంది. ఒకటి రెండు అటూ ఇటూ కావడం మామూలే, ఏడాది మధ్యలో గద్దెనెక్కాడు కాబట్టి. 1343 నాణెం మీద పాలన సంవత్సరం 14 ఉంటే సరిపోయింది, 3 ఉంటే ముందు వెనక బొమ్మలు రెండు వేర్వేరు నాణేల నుంచి కాపీ కొట్టారన్నమాట. పోత నకిలీల్లో ఇది బాగా దొరుకుతుంది. దొరికిన నాణేల్లో శుభ్రంగా ఉన్న ముఖం ఒకదాని నుంచి, వెనక వైపు ఇంకోదాని నుంచి తీసుకుంటారు. కొత్తవాళ్లు 92 అనే అంకె చూసి అది సంవత్సరం అనుకుంటారు. అది ముహమ్మద్ అనే పేరులోని అక్షరాల విలువల మొత్తం, ఆసఫ్ జాహీ నాణేల మీద మామూలుగా ఉండేదే.

ఇప్పుడు పోత నకిలీ, అచ్చు నకిలీ తేడా చెప్తాను. అసలు నాణేన్ని ఉక్కు అచ్చుల మధ్య పెట్టి బలంగా నొక్కుతారు. అక్షరం గోడ నిటారుగా లేచి, పైన చదునుగా ఉంటుంది. అరిగినా సరే, గోడ మొదలు దగ్గర ఆ పదును మిగులుతుంది. పోతపోసినదానిలో లోహం కరిగి చల్లారుతుంది కాబట్టి అక్షరాలు నీళ్లలో నానిన సబ్బు మీది పేరులా ఉంటాయి, నేల మీద సన్నటి గుంటలు, మొటిమలు కనిపిస్తాయి. పదిరెట్లు పెద్దగా చూపించే భూతద్దం చాలు. అది లేకపోతే ఫోన్‌లో దగ్గరి ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. అన్నిటికంటే ముఖ్యం అంచు. పోతలో రెండు సగాలు కలిసే చోట అంచు చుట్టూ సన్నటి గీత పడుతుంది. దాన్ని ఆకురాయితో రాస్తే అంచు మీది నిలువు గీతలు అక్కడక్కడ చెరిగిపోతాయి. అమ్మేవాళ్లు ముందు వెనక ఫొటోలు ఎన్నైనా పెడతారు, అంచు ఫొటో అడిగితే మాట మారుస్తారు. నా మటుకు నాకు, అంచు ఫొటో ఇవ్వని నాణెం గురించి ఇంకో ప్రశ్న అడగాల్సిన పని లేదు.

అచ్చు నకిలీలు కష్టం. అసలు నాణెం నుంచే అచ్చు తయారుచేసి కొత్తగా నొక్కుతారు. గోడలు పదునుగానే ఉంటాయి, అంచు గీత ఉండదు. దొరికిపోయేది ఒక్క చోటే: ఆ అసలు నాణెం మీద ఉన్న గీరలు, దెబ్బలు కూడా అచ్చులోకి వచ్చేస్తాయి. ఆ అచ్చులో పుట్టిన ప్రతి నాణెం మీదా అదే గీర, అదే చోట. మీ దగ్గర అయిదున్నాయి కదా, పక్కపక్కన పెట్టి ఫొటో తీసి చూడండి. రెండు నాణేలు వేర్వేరు చేతుల్లో తిరిగి అరిగితే దెబ్బలు ఒకేలా ఉండటం జరగదు. అవుసలాయన ‘ఫుల్ డూప్లికేట్’ అన్న రెండింటి మీదా ఎక్కడైనా కవల గీర కనిపిస్తే, ఇంక వేరే రుజువు అక్కర్లేదు.

తేదీని చెక్కి మార్చేవి ఇంకో రకం. ఇది కల్దార్‌లో ఎక్కువ. 1939 ఆరో జార్జి రూపాయి చాలా అరుదు, అందువల్ల 1938 నాణెం మీద చివరి అంకెను 9గా మార్చే ప్రయత్నాలు జరుగుతాయి. భూతద్దంలో ఆ అంకె చుట్టూ నేల మాత్రమే వేరే మెరుపుతో ఉంటుంది. మీ వైపు వచ్చే చవక నకిలీలను మాత్రం ఇంత శ్రమ లేకుండా, తేదీ చూసే పట్టుకోవచ్చు. అయిదో జార్జి రూపాయలు 1911 నుంచి 1922 దాకానే. ఆ తర్వాత మళ్లీ రూపాయి వేసింది ఆరో జార్జి పేరుతో 1938లో. మరి ‘1925 జార్జి రూపాయి, చాలా రేర్’ అని ఎవడైనా ఫొటో పెడితే ఏమనాలో మీకే తెలుస్తుంది. విక్టోరియా నాణేల మీద మొదట ‘క్వీన్’ అనీ, 1877 నుంచి ‘ఎంప్రెస్’ అనీ ఉంటుంది. 1862 తేదీతో ఎంప్రెస్ అని ఉన్న నకిలీలు సంతల్లో కనిపిస్తాయి.

సంతల మాట వచ్చింది కాబట్టి. మాళేగావ్ ఖండోబా యాత్రకు వెళ్తే గుర్రాలు, ఒంటెల సందడి పక్కన ఎవరో ఒకరు గోనె మీద ‘పాత నాణేలు’ కుప్ప పోసుకుని కూర్చుంటారు. రాముడు, సీత, లక్ష్మణుడు, కింద ఆంజనేయుడు, ఇటు ఈస్టిండియా కంపెనీ, 1818 అని. కంపెనీ ఏనాడూ అలాంటి డబ్బు వేయలేదు. అవి మొక్కుబడికీ పూజకూ వాడే రామ టంకాల బొమ్మకు కంపెనీ పేరు తగిలించిన ఈకాలపు తయారీ. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లం కదా, భద్రాచలం రామ మాడల కథ చిన్నప్పటి నుంచి వింటాం, చేతికి రాముడి నాణెం రాగానే మనసు కరిగిపోతుంది. పూజ గదిలో పెట్టుకోండి, బాగుంటుంది. పదివేలకు కొనకండి. ఇక బియ్యం గింజల్ని లాగే నాణెం, ఇరిడియం, విదేశీ కంపెనీ కోట్లు ఇస్తుందనే రైస్ పుల్లర్ వాళ్లు నాణేల హాబీకి సంబంధించిన వాళ్లే కాదు. బియ్యానికి ఇనుప రజను పట్టించి అయస్కాంతం చూపిస్తారు. అలాంటివాళ్లు గ్రూపులో చేరితే వెంటనే బయటికి పంపమని అడ్మిన్‌కు చెప్పండి. వైష్ణోదేవి నాణేనికి లక్షలు, ట్రాక్టర్ నోటుకు లక్షలు అనే వీడియోలూ అంతే. పాత నోట్లు, నాణేల పేరుతో తమ పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించింది.

‘పొలం దున్నుతుంటే దొరికింది’ అనే కథ గురించి కూడా చెప్పాలి. ఆ మాట అబద్ధమైతే నాణెం నకిలీ. నిజమైతే ఇంకా పెద్ద తలనొప్పి. భూమిలో దొరికిన పాత సొత్తు విలువ పది రూపాయలు దాటితే జిల్లా కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి నిధుల చట్టం చెప్తోంది. రెండు విధాలా మనం కొనాల్సిన వస్తువు కాదు.

అష్రఫీ (నిజాం బంగారు నాణెం) అని బంగారుపూత రూపాయి చూపించేవాళ్లకు కూడా ఆ నీళ్ల గ్లాసే సమాధానం. నిజాం పూర్తి అష్రఫీ బరువూ 11.18 గ్రాములే, బొమ్మా చార్మినారే. కానీ బంగారం బరువైన లోహం కాబట్టి అదే బరువుకు పరిమాణం చాలా తక్కువ. నీళ్లలో 0.65 దగ్గర చూపించాలి. 1.10 చూపిస్తే అది బంగారు నీళ్లు పూసిన వెండి రూపాయి, పైగా ఒక మంచి రూపాయిని పాడుచేశారని అర్థం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: ఇంకెవరికైనా మార్చేయొచ్చా? వద్దు. నకిలీ అని తెలిసి చెప్పకుండా మార్చితే అది మోసం, భారతీయ న్యాయ సంహిత 318 కిందికి వస్తుంది. చలామణిలో లేని నాణెమే కదా అంటే, దొంగ నాణేల సెక్షన్ వర్తించదేమో గానీ మోసం సెక్షన్‌కు ఆ మినహాయింపు లేదు. చట్టం పక్కన పెట్టినా, మన ఈ సరిహద్దు జిల్లాల్లో నాణేలు మార్చుకునేవాళ్లం ఎంతమందిమి? నాందేడ్, నిజామాబాద్, ఆదిలాబాద్, నిర్మల్ అంతా కలిపినా అందరికీ అందరూ తెలుసు. మీరిచ్చిన నకిలీ నాలుగు చేతులు మారి ఎవరి దగ్గర తేలినా, వెనక్కి లెక్క తీస్తే మీ పేరు దగ్గర ఆగుతుంది. అప్పుడు మీ అసలు నాణేలను కూడా ఎవరూ తీసుకోరు.

ఇచ్చినాయన మీద వెంటనే దొంగ అని ముద్ర వేయకండి. ఆయనకూ తెలియకపోవచ్చు, ఎక్కువసార్లు అంతే. గ్రూపులో కాకుండా విడిగా రాయండి. ఇలా రాస్తే చాలు: ‘అన్నా, మీరిచ్చిన అయిదింటిలో రెండు తేడాగా ఉన్నాయి. బరువు ఇంత, నీళ్లలో ఇంత చూపించింది, అంచు ఫొటోలు పంపుతున్నా. మీరు కూడా చూడండి. ఆ రెండూ వెనక్కి పంపిస్తాను, లెక్క సరిచేసుకుందాం.’ అంకెలు పెడితే వాదన ఉండదు. నాకు నచ్చలేదు, మా అవుసలాయన అన్నాడు అంటే మాత్రం వాదన మొదలవుతుంది. మంచివాడైతే వెంటనే ఒప్పుకుంటాడు. జవాబే ఇవ్వకపోతే, నంబర్ మార్చేస్తే, అప్పుడు అడ్మిన్‌కు ఆ ఫొటోలన్నీ చూపించండి. ఆన్‌లైన్ షాపులో డబ్బు పెట్టి కొన్నదైతే వస్తువు వెనక్కి పంపే గడువు దాటకముందే ఫిర్యాదు పెట్టాలి, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. డబ్బు పంపాక మనిషి మాయమైతే 1930కి ఫోన్ చేయాలి, అదీ ఆలస్యం చేయకుండా.

ఒకవేళ ఆ రెండూ మీ దగ్గరే మిగిలిపోతే పారేయకండి. విడి కవర్లో పెట్టి, మీద పెద్దగా ‘నకిలీ’ అని రాసి, బరువు, ఎక్కడ తెలిసిపోయిందో రాసి పెట్టుకోండి. మీ తర్వాత ఇంట్లోవాళ్లు తెలియక అమ్మేయకుండా అది కాపాడుతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకు చూపించడానికీ పనికొస్తుంది. ఒక చిన్న విశేషం: నిజాం కాలంలోనే బజారులో చెల్లించడానికి చేసిన దొంగ రూపాయలు కూడా ఉంటాయి. జనాన్ని మోసం చేయడానికి పుట్టిన ఆ పాత నకిలీలను ఇప్పుడు ఇష్టపడి కొనే కలెక్టర్లు ఉన్నారు. మీ రెండింటిలో ఏదైనా నిజంగా చేతులు మారి అరిగినట్టు కనిపిస్తే, ఆ కోణంలో ఒకసారి చూడండి.

ఇకముందు మార్పిడి చేసేటప్పుడు నేను పాటించే పద్ధతి చెప్తాను. రెండు వైపులా నాణేల బరువులు ముందే రాసుకుంటాం. ముందు, వెనక, అంచు ఫొటోలు పగటి వెలుతురులో తెల్ల కాగితం మీద తీసి పంపుకుంటాం. చేరాక వారం రోజుల్లో నచ్చకపోతే ప్రశ్నలు లేకుండా వెనక్కి. ఈ మూడో షరతుకు ఒప్పుకోనివాడితో నేను మార్పిడి చేయను. వీలైతే నిజామాబాద్‌లోనో నాందేడ్‌లోనో రైలు దిగి ఎదురుగా కూర్చుని మార్చుకుంటాం, టీ ఖర్చు తప్ప ఏమీ పోదు. ఖరీదైన నాణెం ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి, నాణేలను పరీక్షించే కంపెనీ సీలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంటే, డబ్బాను చూసి నమ్మకండి, ఆ డబ్బాలకు కూడా నకిలీలున్నాయి. దాని మీది నంబర్‌ను ఆ కంపెనీ సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోతో పోల్చండి. విదేశాల్లోని వాళ్లతో మార్పిడి మాత్రం పెట్టుకోకండి. వందేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం దేశం దాటకూడదు. ఉస్మాన్ అలీ ఖాన్ 1343 హిజ్రీ రూపాయి, అంటే 1924-25 నాటిది కూడా ఇప్పుడు ఆ లెక్కలోకి వచ్చేసింది.

చివరగా మీ మార్పిడిలోనే ఒక సంగతి నాకు పొసగడం లేదు. మూడు కల్దార్లలో స్వచ్ఛమైన వెండి 32 గ్రాములు. అయిదు హాలీ రూపాయల్లో 45 గ్రాములకు పైనే. అన్నీ మామూలు నాణేలైతే, తెలిసినవాడెవడూ 45 ఇచ్చి 32 తీసుకోడు. ఒకటి, ఇచ్చినవి నకిలీలని ఆయనకు తెలిసి ఉండాలి. లేదా మీరిచ్చిన మూడింటిలో ఏదో ఆయనకు కావలసింది ఉండాలి. మీ పాత ఫొటోలు తీసి ఆ మూడు జార్జి రూపాయల సంవత్సరాలు చూడండి. 1911 గనక ఉంటే, అది ‘పంది రూపాయి’ అని పేరుపడ్డది. రాజు పైవస్త్రం మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని గొడవై, 1912లో బొమ్మ మార్చారు, 1911వి చాలావరకు కరిగించేశారు. అది అయితే వెండి లెక్కన సర్దుబాటుకు ఒప్పుకోకండి, ఆ నాణేన్నే వెనక్కి అడగండి. సంవత్సరాలు, అయిదింటి బరువులు, నీళ్ల అంకెలు, అంచు ఫొటోలు పంపితే ఆ మిగతా మూడు చార్మినార్ల సంగతి కూడా చూసి చెప్తాను.